అంతియొకయ సంఘాన్ని స్థాపించింది పేతురా, పౌలా?

సండే స్కూల్ పాఠంలో ఈ సంఘాన్ని మొదలుపెట్టినవాడిగా పేతురు పేరు రాయాలా, పౌలు పేరు రాయాలా అన్నది ప్రశ్న. ప్రతి క్రైస్తవ సంఘాన్నీ ఎవరో ఒక అపొస్తలుడే (సువార్త చెప్పడానికి యేసు పంపిన ముఖ్య శిష్యుడే) మొదలుపెట్టి ఉంటాడని అనుకోవడం వల్లే అది తేలడం లేదు. సిరియాలోని అంతియొకయ విషయంలో అలా జరగలేదు.

బైబిల్ కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు ఈ వరుసలో చదవండి (మొదటి అంకె అధ్యాయం, తర్వాతిది వచనం):

1. 8:1. స్తెఫను అనే విశ్వాసిని రాళ్లతో కొట్టి చంపాక విశ్వాసులు చెదిరిపోయారు, "అపొస్తలులు తప్ప". చాలామంది దాటేసేది ఈ రెండు మాటలే. అపొస్తలులు యెరూషలేములోనే ఉండిపోయారు. ఊళ్లు దాటి వెళ్లింది మామూలు విశ్వాసులు.

2. 11:19-21. వాళ్లలో కుప్ర (సైప్రస్ దీవి), కురేనే (ఉత్తర ఆఫ్రికాలోని పట్టణం) వాళ్లు కొందరు అంతియొకయలో యూదులకే కాక గ్రీకువాళ్లకు కూడా సువార్త చెప్పారు. ఎంత పెద్ద పని! అయినా వాళ్ల పేర్లు అక్కడ లేవు. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

3. 11:22-26. కబురు విని యెరూషలేము సంఘం బర్నబాను పంపింది. ఆయన తార్సు వెళ్లి సౌలును, అంటే పౌలును, వెదికి తీసుకొచ్చాడు. ఇద్దరూ ఏడాదిపాటు అక్కడే బోధించారు.

కాబట్టి పాఠంలో "మొదలుపెట్టింది పేరు తెలియని విశ్వాసులు, బలపరచింది బర్నబా, సౌలు" అని రాయండి.

పేతురు అంతియొకయకు వచ్చిన సంగతి పౌలు గలతీయులకు రాసిన పత్రిక 2:11లో ఉంది. అప్పటికే అక్కడ సంఘం ఉంది.