ముందు చార్జర్ పీకి చూడండి, టచ్‌ప్యాడ్ సంగతి తర్వాత

లాప్‌టాప్‌లో కర్సర్ దానంతటదే గెంతుతోంది, విండోస్ రెండుసార్లు మళ్ళీ ఎక్కించినా పోలేదు, ఇది వైరస్సా, టచ్‌ప్యాడ్ మార్పించాలా అని అడిగారు. మన విశాఖలోనే, గాజువాకలో ఉంటానన్నారు. అన్నీ రాశారు గానీ, అది ఎప్పుడెప్పుడు గెంతుతోందో రాయలేదు. నేనూ అది చూసుకోకే డబ్బు తగలేశాను.

మేం పెద్ద వాల్తేరులో అద్దెకుంటాం, కిందివాటా. చిన్న చిన్న షాపులకి జీఎస్టీ లెక్కలు చూస్తాను. మే నెలలో, 20వ తేదీలోపు రిటర్నులు వేసే హడావుడిలో ఉండగా కర్సర్‌కి పూనకం వచ్చింది. ఒక గడిలో కొట్టిన అంకె పక్క గడిలో పడేది. పేజీ జారిపోయేది. మన ఊరి ఉక్కపోత తెలిసిందే కదా, వేళ్ళ చెమట వల్లేమో అనుకుని తువ్వాలు పక్కన పెట్టుకుని తుడుచుకుంటూ కూర్చున్నాను. తడి వేళ్ళకి టచ్‌ప్యాడ్ తికమకపడే మాట నిజమే, కానీ నాది అది కాదు.

ద్వారకానగర్‌లో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్తే, వాళ్ళ బల్ల మీద బుద్ధిమంతుడిలా పనిచేసింది. అయినా ఫార్మాట్ కొట్టి, డబ్బులు తీసుకుని, "మళ్ళీ వస్తే టచ్‌ప్యాడ్ మార్చేద్దాం సార్" అన్నారు. షాపులో రాని జబ్బు ఇంట్లోనే ఎందుకొస్తోందని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, కర్సర్ కూడా ఆగింది! చీకట్లో బ్యాటరీ మీద ముప్పావుగంట పని చేసుకున్నాను, ఒక్క గెంతు లేదు. కరెంటొచ్చిన మరుక్షణం మళ్ళీ మొదలు.

టచ్‌ప్యాడ్ వేలి బరువుని బట్టి పనిచేయదు. వేలు దగ్గరికొచ్చినప్పుడు దాని కింద ఉన్న విద్యుత్ క్షేత్రంలో వచ్చే కాస్త తేడాని కొలుస్తుంది. చార్జర్ లోపల పుట్టే విద్యుత్ అలజడిని అణచడానికి కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా వచ్చే చిన్న లీకేజీ ఎర్తు వైరు ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్తు లేకపోతే ఆ లీకేజీకి దారి ఉండదు, లాప్‌టాప్ బాడీ సప్లైలో దాదాపు సగం, అంటే 115 ఓల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు బాగా తక్కువ కాబట్టి షాకు కొట్టదు గానీ, రేకు మూత మీద వేలి వెనకవైపు రాస్తే చీమలు పాకినట్టు జిలజిలమంటుంది. టచ్‌ప్యాడ్‌కి ఇక వేలేదో, ఆ అలజడేదో తెలియదు.

నా చార్జర్ త్రీ పిన్నే, కానీ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకి టూ పిన్ ప్లగ్గు. ఎర్తు కోసం పైనున్న లావు పిన్ను ఉన్నా లేనట్టే. దాన్ని తీసేసి గోడ సాకెట్‌లోనే పెట్టినా గెంతులు తగ్గలేదు. ఎలక్ట్రీషియన్ని పిలిచాను, పెద్దాయన. ఫేజుకీ (కరెంటొచ్చే తీగ) న్యూట్రల్‌కీ (అది తిరిగెళ్ళే తీగ) మధ్య మీటరు 230 చూపించింది. ఫేజుకీ ఎర్తుకీ మధ్య పెడితే అంకె నిలకడగా నిలవదు. "ఏటి బాబూ, ఎర్తు గొయ్యి ఎక్కడుందో తెలుసా అసలు?" అన్నాడు. తెలియదు. పెరట్లో పూలకుండీల కింద దొరికింది. పైపుకి వైరు బిగించిన క్లాంపు ఉప్పుగాలికి తుప్పు పట్టి, పట్టుకుంటే చేతిలోకి పొడిగా రాలింది. కిటికీ ఊచలకి ఏటా రంగు వేయిస్తాం, దీన్ని ఎవరు చూశారు? కొత్త జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్ళు పోశాడు. కర్సర్ ఆ సాయంత్రమే కుదురుకుంది. ఫ్రిజ్ తలుపు జిల్లుమంటోందని మా అమ్మ ఏడాదిగా మొత్తుకుంటోంది. అదీ పోయింది.

కాబట్టి చార్జర్ పీకి ఓ పావుగంట వాడి చూడండి. కుదురుగా ఉంటే, చార్జర్‌తో సహా వేరే ఇంట్లో పెట్టి చూడండి. అక్కడా గెంతితే చార్జర్‌నే అనుమానించాలి, అక్కడ గెంతకపోతే మీ ఇంటి ఎర్తుని.

పీకినా గెంతుతుంటే సెట్టింగుల్లో టచ్‌ప్యాడ్ ఆపేసి వైరు మౌస్ తగిలించండి. టచ్ స్క్రీన్ ఉంటే డివైస్ మేనేజర్‌లో దాన్నీ ఆపండి, ఒక్కోసారి తెర కూడా, ఎవరూ వేలు పెట్టకపోయినా పెట్టినట్టే అనుకుంటుంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినట్టున్నా, క్లిక్ పడకపోయినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా కింద బ్యాటరీ ఉబ్బిందేమో చూపించండి. అలాంటిదాన్ని చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు.

మీరు వాడేది మౌసే అయితే, బల్ల మీద అద్దం ఉందా? ఆప్టికల్ మౌస్ కింది ఉపరితలాన్ని సెకనుకి వేల ఫొటోలు తీసి పోల్చుకుంటుంది, అద్దంలో పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. ఓ దినపత్రిక పరిస్తే చాలు. వైర్‌లెస్ మౌస్ అయితే దాని రిసీవర్‌ని యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు పక్క నుంచి తీసి దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3 అలజడి 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలకి అడ్డుపడుతుందని 2012లో ఇంటెల్ వాళ్ళే పత్రం రాశారు.

వైరస్ అంటారా, దానివల్ల కర్సర్ అలా వణకదు. ఎవరో దూరం నుంచి నడిపిస్తుంటే కర్సర్ తిన్నగా వెళ్ళి ఏదో ఒకటి తెరుస్తుంది. అలా కనిపిస్తే వెంటనే ఇంటర్నెట్ ఆపేయండి.

తేలిందాకా చార్జింగ్ విడిగా పెట్టుకుని, పని బ్యాటరీ మీద చేసుకోండి. ఒకవేళ ఎర్తుదే లోపమని తేలితే, సాకెట్‌లో ఎర్తునీ న్యూట్రల్‌నీ చిన్న తీగతో కలిపేస్తే చాలు, గొయ్యెందుకు అనేవాళ్ళు తగులుతారు. నాకూ తగిలారు. ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ ఊడిందంటే మీ లాప్‌టాప్ రేకుకీ ఫ్రిజ్ తలుపుకీ నేరుగా ఫేజే వస్తుంది.