పెన్సిల్ గీతలు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు అందాయమ్మా. ఏడాదిలో ముప్ఫై ఎనిమిది నవలలు చదివానన్నావు. రోజూ గుంటూరు నుంచి విజయవాడకు ప్యాసింజర్‌లో ఉద్యోగానికి వెళ్లొస్తూ అన్ని చదవడం తేలిక కాదు. కానీ ఒక్కో నవల కింద రాసుకున్న నీ అభిప్రాయాలు చూసి దిగులేసింది. ‘అద్భుతమైన శిల్పం’, ‘సామాజిక స్పృహ’, ‘చివరిదాకా చదివిస్తుంది’. ఇవి ముందుమాటల్లో దొరికే మాటలు. అన్ని పేజీల్లో నువ్వు నాకు ఎక్కడా కనిపించలేదు.

నిరుడు విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే రావిశాస్త్రి నవల ‘అల్పజీవి’ దొరికింది. ఇదివరకు చదివినదే అయినా కొన్నాను. ఎందుకంటే అందులోని సుబ్బయ్య ఆఫీసులో భయంతో ముడుచుకుపోయే చోట, అంచున ఎవరో పెన్సిల్‌తో రాశారు: ‘మా నాన్న కూడా ఇంతే.’ నాలుగే మాటలు. ఆ నవల మీద నేను చదివిన వ్యాసాలన్నిటికంటే అవి నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టాయి. ఆ మనిషెవరో తెలీదు. ఆ పుస్తకం ఆయన్ని ఎక్కడ పట్టుకుందో మాత్రం తెలిసింది.

ఈ ఏడాది నేను చదివినవి తొమ్మిదే. అందులో ‘మాలపల్లి’ మళ్లీ చదివాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండి రాసిన నవల, 1922లో అచ్చయింది, ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. కాలేజీ రోజుల్లో ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఈసారి సంగదాసు చనిపోయే చోట పుస్తకం మూసేసి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. ఆ తర్వాత వచ్చే సుదీర్ఘమైన చర్చల దగ్గర విసుగొచ్చింది. అంత గొప్ప పుస్తకం విసిగించిందని రాయడానికి చేతులాడలేదు. అయినా ఆ రాత్రే రాశాను. రాశాక రెండు రోజులు అదే ఆలోచన. ఎందుకు విసిగాను? అప్పుడు తెలిసింది, నేను సగం రాసి పక్కన పెట్టిన నవలలో నా మనుషులూ అలాగే ఉపన్యాసాలిస్తున్నారు. ఉన్నవ గారికి దేశానికి చెప్పి తీరాల్సిన మాటలున్నాయి, కాబట్టి చెప్పించారు. నా వాళ్ల చేత నేను ఊరికే మాట్లాడిస్తున్నాను. నలభై పేజీలు తీసేశాను. ఆ విసుగును దాచుకుని ‘మహత్తర నవల’ అని రాసుకుని ఉంటే ఆ పేజీలు ఇంకా అలాగే ఉండేవి.

కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ ఒక్క కూర్చోవడంలో అయిపోయింది. ముసలివాడు తాను సాకిన పందే తనను దాని పిల్లల దగ్గరికి రానివ్వని చోట మా అమ్మ చివరి రోజులు గుర్తొచ్చాయి. ఎందుకో నాకే అర్థం కాలేదు. అర్థం కాలేదనే రాసుకున్నాను.

కాబట్టి వచ్చే ఏడాది పది చదువు, చాలు. ఎక్కడ ఆగావో, ఎక్కడ పేజీలు దాటేశావో, ఎవరి మీద కోపం వచ్చిందో అదే రోజు రాయి. వేరేవాళ్లు ఏమన్నారో ఆ తర్వాత చూడు. పెద్ద పేరున్న నవల నచ్చకపోతే భయపడకుండా నచ్చలేదని రాయి. టెన్షన్ పడకు, ఆ నోట్‌బుక్ ఎవరికీ చూపించక్కర్లేదు, నాకు కూడా.

నువ్వు రాస్తున్న నవల మూడో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. మిరపకాయల తొడిమలు తీసొచ్చిన తల్లి, తన చేతుల మంట పిల్ల నోటికి తగలకూడదని అన్నం గరిటెతో కలిపి చెంచాతో పెడుతుంది. అది చదివి నేను మళ్లీ వరండాలోకి వెళ్లాను. ఆ వాక్యం రాసిన పిల్ల ‘మాలపల్లి’ చదివి ‘సామాజిక స్పృహ’ అని మాత్రమే రాసుకుందంటే నమ్మలేకపోతున్నాను. అది చదువుతున్నప్పుడు నీకేమైందో నాకు ఉత్తరం రాయి.

జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు వస్తాను. ‘అల్పజీవి’ ఆ ప్రతి నీకోసం తెస్తాను. పెన్సిల్ గీతలు చెరపకు.

ఉంటాను,
మీ మాస్టారు
బ్రాడీపేట, గుంటూరు