కన్సోల్ కేబుల్ పెట్టినా స్క్రీన్ ఖాళీగానే ఉంటే ఏం చూడాలి

సెకండ్ హ్యాండ్‌లో కొన్న సిస్కో 2960 నెట్‌వర్క్ స్విచ్‌కు (కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టెకు), దానిని నేరుగా కంప్యూటర్ నుంచి సెట్ చేసేందుకు వాడే నీలం రంగు కన్సోల్ కేబుల్‌నూ, యూఎస్‌బీ కన్వర్టర్‌నూ తగిలించి పుట్టీ (స్విచ్‌కు ఆదేశాలు టైప్ చేసే ప్రోగ్రాం) తెరిస్తే ఖాళీ స్క్రీన్ తప్ప ఏమీ రావడం లేదని, స్విచ్ పాడైందేమోనని ఒకరు అడిగారు. అప్పుడే స్విచ్‌ను అనుమానించకండి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు నెట్‌వర్క్ పనులు చేసే నాకు, ఇలాంటి సందర్భాల్లో లోపం ఎక్కువగా కన్వర్టర్‌లోనో పుట్టీ సెట్టింగుల్లోనో కనిపించింది.

ముందు విండోస్ డివైస్ మేనేజర్‌లో కన్వర్టర్‌కు ఏ కామ్ నంబరు (పోర్టు నంబరు) వచ్చిందో చూడండి. అక్కడ పసుపు రంగు హెచ్చరిక గుర్తు ఉంటే డ్రైవర్ సమస్య. చౌక కన్వర్టర్లలో నకిలీ ప్రొలిఫిక్ చిప్పు ఉంటే కొత్త డ్రైవర్ దానిని అంగీకరించదు కనుక, నాలుగు డబ్బులు ఎక్కువైనా ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్నది కొనుక్కోవడమే నయం. తరువాత పుట్టీలో సీరియల్ ఎంచుకుని, ఆ కామ్ నంబరు ఇచ్చి, వేగం 9600, డేటా బిట్లు 8, స్టాప్ బిట్ 1, ప్యారిటీ లేకుండా పెట్టండి. ఫ్లో కంట్రోల్ (డేటాను ఆపుతూ పంపుతూ ఉండే పద్ధతి) పుట్టీలో మొదట ఎక్సాన్/ఎక్సాఫ్ అని ఉంటుంది, దానిని 'None' (ఏదీ వద్దు) అని మార్చండి.

ఇప్పుడు పుట్టీ విండో తెరిచి ఉంచి, స్విచ్ పవర్ తీగ పీకి మళ్ళీ పెట్టండి. నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే పరీక్ష ఇదే, ఎందుకంటే మీరు ఏ కీ నొక్కకపోయినా బూట్ సందేశాలు రావాలి. అవి అర్థంకాని గుర్తులుగా వస్తే వేగం సరిపోలేదన్నమాట. పాత యజమాని మార్చి ఉండవచ్చు, 115200 పెట్టి చూడండి. సందేశాలు చక్కగా వచ్చి, మీరు టైప్ చేసేది మాత్రం పడకపోతే ఫ్లో కంట్రోల్‌నే మళ్ళీ చూడండి. అసలేమీ రాకపోతే కేబుల్ కన్సోల్ పోర్టులోనే ఉందా, అదే ఆకారంలో ఉండే ఈథర్‌నెట్ పోర్టులో ఉందా అని చూడండి. రెండు వైపులా ఆర్‌జే45 ప్లగ్గులున్న కేబుల్ అయితే వాటిని ఒకే దిశలో పక్కపక్కన పట్టుకోండి: కన్సోల్‌కు కావలసిన రోల్‌ఓవర్ కేబుల్‌లో తీగల రంగులు ఒకదానిలో ఉన్న వరుసకు రెండోదానిలో సరిగ్గా తలకిందులుగా ఉంటాయి.

పాత పాస్‌వర్డ్ అడ్డొస్తే, ముందువైపున్న మోడ్ బటన్ నొక్కిపట్టి పవర్ ఇచ్చి, ఫ్లాష్_ఇనిట్ (flash_init) ఆదేశం తరువాత, పాత సెట్టింగులుండే కాన్ఫిగ్.టెక్స్ట్ (config.text) ఫైలు పేరు మార్చి బూట్ చేయండి.

లోపలికి వెళ్ళాక ఐపీ అడ్రసు ఇచ్చి, దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ పెట్టుకోండి. అదే పనికి వాడే పాత పద్ధతి టెల్నెట్ పాస్‌వర్డ్‌ను దాచకుండా పంపుతుంది కనుక దానిని వాడవద్దు. దూరం నుంచి వీలాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) మార్చేటప్పుడు నేను ముందుగా 'రీలోడ్ ఇన్ 10' (పది నిమిషాల తరువాత రీస్టార్ట్ అవ్వమనే ఆదేశం) ఇస్తాను, సేవ్ చేయమంటావా అని స్విచ్ అడిగితే వద్దంటాను. మార్పు వల్ల కనెక్షన్ తెగినా పది నిమిషాలకు స్విచ్ పాత కాన్ఫిగరేషన్‌తో తిరిగి లేస్తుంది, ఊరి బయట కోల్డ్ స్టోరేజీకి పరుగెత్తే పని ఉండదు. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' ఇచ్చి వెంటనే సేవ్ చేయండి, ఎందుకంటే మన వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము, పోతే సేవ్ చేయని మార్పులన్నీ దానితోపాటే పోతాయి.