‘మా కుక్క ఏమీ చెయ్యదు’ అంటే సరిపోదు

ప్రశ్న: మాది విజయనగరం. మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అన్నీ మంచం మీదే. పగలు చూసుకోవడానికి గజపతినగరం వైపు నుంచి ఒకమ్మాయి బస్సులో వస్తుంది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ చేసే అబ్బాయి వస్తాడు. మాకు టైగర్ అని ఆరేళ్ల నాటు కుక్క ఉంది. దాన్ని పెంచింది అత్తయ్యే. రోజంతా ఆవిడ మంచం కిందే పడుకుంటుంది. ఈ అమ్మాయి అత్తయ్య మీద చెయ్యి వేస్తే చాలు, గుర్రుమంటుంది. ముందు వచ్చినామె అందుకే మానేసింది, ఈమె కూడా మానేస్తానంటోంది. మావారేమో ‘పనికొచ్చింది, ఆ మాత్రం సర్దుకోదా’ అంటారు. పక్కింటివాళ్లు ఊరవతల వదిలేయమంటున్నారు. కట్టేస్తే అత్తయ్య ఏడుస్తుంది, ముద్ద ముట్టదు. మధ్యలో నాకు టెన్షన్. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, ముందు మీవారికి ఒక మాట. మీకది ఇల్లు, ఆ అమ్మాయికి పనిచేసే చోటు. ఎప్పుడు కరుస్తుందో అని బిక్కుబిక్కుమంటూ పని చెయ్యమని ఎవరినీ అడగకూడదు. ఆమె మీ అత్తగారిని పక్కకి తిప్పుతున్నప్పుడు ఒకసారి పక్కన నిలబడి చూడమనండి. నడుం వంగి ఉంటుంది, రెండు చేతులూ పెద్దావిడ వీపు కింద ఉంటాయి, తన కాళ్లు కుక్క నోటికి జానెడు దూరంలో ఉంటాయి. దడుచుకుని చెయ్యి వదిలేస్తే దెబ్బ తగిలేది ఆయన తల్లికే. టైగర్ మీ ఇంట్లోవాళ్లని ఏమీ చెయ్యదన్నది నిజమే కావచ్చు. పరాయి మనిషి దగ్గర అది గుర్రుమంటోందంటే, చెప్పాల్సింది అది చెప్పేస్తోంది.

అలాగని టైగర్‌ది తప్పు అనను. పక్షవాతం వచ్చినవాళ్లకి పడిపోయిన వైపు భుజం కదిలిస్తే చాలామందికి ప్రాణం పోయినంత నొప్పి. మీ అత్తగారు మూలిగేది సరిగ్గా ఆ అమ్మాయి చెయ్యి వేసినప్పుడే అయి ఉంటుంది. ఈ మనిషి వస్తే మా అమ్మకి నొప్పి అని కుక్క లెక్క. కాబట్టి గుర్రుమన్నందుకు కొట్టకండి. కొడితే గుర్రుమనడం మానేస్తుంది, కోపం మానదు. రేపు హెచ్చరించకుండానే కరుస్తుంది.

కట్టడం, విప్పడం గొడవ అంతా వేళలు కుదుర్చుకోకపోవడం వల్ల వచ్చింది. బస్సు దిగి ఆమె వచ్చే లోపలే టైగర్‌ని బయట తిప్పి, అన్నం పెట్టి, పెరట్లో నీడపట్టునో వెనక గదిలోనో ఉంచాలి, పక్కన నీళ్లు పెట్టాలి. ఈ పని మీవారిది. మీరు చెయ్యొద్దు, మీ చేతిలో ఇప్పటికే చాలా ఉంది. ఆమె గుమ్మంలో నిలబడ్డాక గొలుసు వెతకడం మొదలుపెడితే రోజూ ఇదే రభస. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, ఫిజియోథెరపీ జరిగేటప్పుడు ఆ గది తలుపు వేసి ఉండాలి, కుక్క అవతల ఉండాలి. మూత్రం గొట్టం ఉంటే మరీ జాగ్రత్త, కుక్క కాలికి తగులుకుని లాగితే లోపల గాయమవుతుంది. పడక పుండు ఉంటే దాన్ని నాకనివ్వకండి. ‘నాకితే మానుతుంది’ అని మనవైపు అనేవాళ్లున్నారు. కుక్క చొంగలో ఉండే క్రిములు పుండులో చేరితే చీము పడుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం.

రోజంతా మాత్రం కట్టి ఉంచకండి, కుక్కకి పిచ్చెక్కిపోతుంది. ఆ అమ్మాయి భోజనానికి కూర్చున్నప్పుడు మీరో మీవారో దగ్గరుండి టైగర్‌ని అత్తగారి దగ్గరికి తీసుకెళ్లండి. సాయంత్రం ఆమె వెళ్లిపోయాక మంచం కిందికి వదిలేయండి. ‘భోజనాల వేళకి వస్తాడత్తయ్యా’ అని పొద్దున్నే చెప్పండి. ఇప్పుడావిడకి కుక్కని శాశ్వతంగా దూరం చేసేస్తున్నారేమోనన్న బెంగ ఉంది. ఏ వేళకి వస్తుందో తెలిస్తే అన్నం ముడతారు.

ఊరవతల వదిలేసే ఆలోచన పెట్టుకోకండి. పెంచిన జంతువుని అలా వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, ఉన్న ఒక్క తోడూ పోతే మీ అత్తగారు ఏమవుతారో ఆలోచించండి.

టైగర్‌కి రేబిస్ టీకా ఏడాదికోసారి వేయిస్తున్నారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. మీరు అప్పటిదాకా ఆగకుండా ఈ వారమే వేయించి, ఆ కార్డు ఆ అమ్మాయికీ ఫిజియో అబ్బాయికీ చూపించండి. ఎప్పుడైనా పన్ను తగిలినా, గోరు గీరుకున్నా పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టొద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. టీకా ఉచితం. అక్కడ సాధారణంగా మొదటి రోజు, తరవాత 3, 7, 28 రోజులకి వేస్తారు. కుక్కకి టీకా వేయించాం కదా అని ఊరుకోకూడదు. ఆ రోజుల్లో ఆమె కూలి, ఆటో ఖర్చు మీరే ఇచ్చుకోవాలి, అది మీ బాధ్యత.

ఇక ఆ అమ్మాయితో మాట్లాడటం. రేపు టీ ఇచ్చి కూర్చోబెట్టి, ‘నీకెలా ఉంటే ధైర్యంగా ఉంటుందమ్మా’ అని అడగండి. చిన్నప్పుడు ఏ కుక్కో కరిచి ఉండొచ్చు, ఉబ్బసం ఉండొచ్చు. టైగర్‌ని మచ్చిక చేసుకుంటానని తనంతట తను అంటేనే, మీవారు గొలుసు పట్టుకుని ఉండగా దూరం నుంచి మొదలుపెట్టండి. అది వచ్చి వాసన చూసేదాకా తను తల నిమరబోకూడదు. కుక్కకి అన్నం పెట్టడం, దాని మురికి ఎత్తడం మాత్రం ఆమెకి అప్పజెప్పకండి, చాలా ఇళ్లలో మెల్లగా అక్కడికే వస్తుంది. పైడితల్లమ్మ సిరిమానుకి ఇల్లంతా చుట్టాలు దిగినప్పుడు, దీపావళి టపాకాయల రోజుల్లో టైగర్ ఇంకా బెదిరి ఉంటుంది. ఆ రెండు మూడు రోజులు దాన్ని వెనక గదిలోనే ఉంచండి.

ఇదంతా చేశాక కూడా ఓ నెలకి ఆమె వెళ్లిపోతానంటే తప్పుపట్టకండి. రావాల్సిన డబ్బు లెక్కగట్టి ఇచ్చేసి, కొత్త మనిషిని పంపమని అడిగేటప్పుడు ఇంట్లో కుక్క ఉందని ఫోన్‌లోనే చెప్పండి.