ఇటాలియన్ వంట అంటే చీజ్ అనుకునేవాళ్ల కోసం

"ఇటాలియన్ వంటలు, యూదుల వంటల్లో మన తెలుగిళ్లలో మామూలుగా చేసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా? మన నాలుకకి నచ్చుతాయా?" అని అడిగారు.

ఉన్నాయి. నచ్చుతాయి. రెంటినీ విడివిడిగా వెతుక్కోనక్కర్లేదు కూడా. రోమ్‌లో యూదుల ఇళ్లలో రెండూ ఒకే పొయ్యి మీద తయారవుతాయి. ఇటలీ మొత్తంలో మన వంటింటికి దగ్గరి చుట్టం ఎవరంటే కళ్లు మూసుకుని వాళ్ల వంటనే చూపిస్తాను. కాదనేవాళ్లుంటే కింద కామెంట్లలో కలుద్దాం.

నేను 2017 నుంచి రెండేళ్లు రోమా త్రె యూనివర్సిటీలో చదివాను. వియాలె మార్కోని పక్క సందులో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో నలుగురం కలిసి ఉండేవాళ్లం. నాలుగో అంతస్తు. తెనాలి నుంచి వెళ్లిన నాకు అప్పటికి వంట అంటే రైస్ కుక్కరు, అమ్మ కట్టిచ్చిన కందిపొడి, అంతే. మా కింద మూడో అంతస్తులో డెబ్బై దాటిన యూదు పెద్దావిడ ఒక్కతే ఉండేది. లిఫ్టు వారంలో సగం రోజులు చెడిపోయి ఉండేది కాబట్టి ఆవిడ చక్రాల సంచీ పైకి మోసే ఉద్యోగం నాకు పడింది. శనివారం మాత్రం చక్కగా పనిచేసేది. ఆవిడ శనివారం లిఫ్టు ఎక్కదు, సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి రోజు కదా. నేను సిన్యోరా (మన "అమ్మగారు") అని, మీరు అని మాట్లాడేవాణ్ణి. ఆవిడ నన్ను "ఫీయో మీయో" అనేది. మన "నాయనా" లాంటిదే.

జూన్‌లో ఒక శుక్రవారం, సంచీ లోపల పెట్టి వెళ్లిపోబోతుంటే నన్ను బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. నేలంతా పాత దుప్పటి. దాని మీద జుకినీ ముక్కలు. జుకినీ అంటే పొడుగు దోసకాయలా ఉండే కూరగాయ. లేత ఆకుపచ్చగా, ఒంటి మీద నిలువు గీతలతో ఉండే రోమ్ రకం. సన్నగా నిలువుగా కోసి, ఉప్పు చల్లి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పేర్చింది. నా పని పావురాలు రాకుండా చూడటం.

చిన్నప్పుడు అమ్మమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టి కాకుల్ని తోలమని నా చేతికి కర్ర ఇచ్చేది. అప్పు చేసి, వీసా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, విమానమెక్కి రోమ్ దాకా వచ్చింది మళ్లీ ఇదే ఉద్యోగం చేయడానికా అనిపించింది. కాకులే నయం, అరిస్తే ఎగురుతాయి. రోమ్ పావురాలు మనల్ని ఎగాదిగా చూసి పక్కకి జరుగుతాయి, అంతే.

మూడు గంటలయ్యాక ఆవిడ వచ్చి ఒక ముక్క తీసి వంచి చూసింది. విరగలేదు, తోలు ముక్కలా వంగింది. అంచులు ముడుచుకుని, నీరంతా పోయి, అచ్చం మన వరుగుల్లా ఉన్నాయి. పూర్తిగా ఎండబెట్టరు, సగంలో ఆపేస్తారు. నీడ పడ్డ మూల ముక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి. నేను తొందరపడి వాటినే ముందు నూనెలో వేశాను. మూకుడు ఒక్కసారి చిటపటమంటూ పొంగింది, మోచేతి మీద ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది. ఆవిడ నన్ను జరిపి, ఆ ముక్కల్ని తీసి గుడ్డ మీద పరిచి, ఆరినవి కొన్ని కొన్నిగా వేసింది. బంగారు రంగు వస్తే తీసేద్దామని నేను. ఇంకా వేగాలని ఆవిడ. చివరికి అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడ్డాకే తీసింది. గాజు గిన్నెలో ఒక పొర ముక్కలు, పల్చగా తరిగిన పచ్చి వెల్లుల్లి, చేత్తో తుంచిన పుదీనా, మిరియాల పొడి, మళ్లీ ఒక పొర. పైన గోరువెచ్చటి వైన్ వెనిగర్. మూత పెట్టి, "రేపు మధ్యాహ్నం దాకా దీని మొహం చూడకు" అంది.

దీని పేరు కోన్చా. తోళ్లు పదును చేయడానికి వాడే మాటే ఇది. మనం ఊరబెట్టడం అంటామే, ఇంచుమించు అదే భావం.

కిలో జుకినీ చివరికి చిన్న గిన్నెడైంది. ఇంత శ్రమా అని అడిగాను. శుక్రవారం పొద్దు వాలిందంటే శనివారం చీకటి పడేదాకా వాళ్లు పొయ్యి వెలిగించరు. వెలిగించకుండా తినాలంటే చల్లగా ఉన్నా బాగుండే వంట కావాలి, వండిన రోజు కంటే మర్నాడు రుచి ఎక్కువ ఉండే వంట కావాలి. అందుకే ఆ వేపుళ్లు, ఆ పులుపు. రాత్రి పెట్టిన పులుసు మర్నాడు అద్భుతంగా ఉంటుందని మనకెవరూ చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టి మైక్రోవేవ్‌లో వేడి చేసుకునే అలవాటు వచ్చాక ఆ రుచి మనమే పోగొట్టుకున్నాం, అది వేరే గొడవ.

ఇక అసలు సంగతి. ఆ రోజు పక్క పొయ్యి మీద టమాటా సాసులో మాంసం ఉడుకుతోంది. అడుగంటుతోందేమోనని నేను చేతికందిన స్టీలు గరిటతో కలిపాను. సిన్యోరా మాట ఆగిపోయింది. ఆ వంటింట్లో గరిటల కాడలకి టేపులుండేవి. యూదుల నియమం ప్రకారం మాంసం, పాలు కలవకూడదు కాబట్టి ఎరుపు మాంసానికి, నీలం పాలకి. టేపు లేనివి పార్వె, అంటే అటూ ఇటూ కానివి: కూరగాయలు, గుడ్లు, చేపలు, నూనె. నా చేతిలో ఉన్నది నీలం.

ఆవిడ అరిచినా బాగుండేది. కుర్చీలో కూర్చుని ఫోన్ తీసి రబ్బీకి, అంటే వాళ్ల మతగురువుకి, చేసింది. నాకు చెమటలు పట్టాయి. వాళ్ల దేవుడి విషయంలో వేలు పెట్టేశానన్న టెన్షన్. ఫోన్లో ఆయన అడిగింది ఒక్కటేనట: ఆ గరిటని వేడి పాల వంటకంలో చివరిసారి ఎప్పుడు వాడావు? ఆవిడ వేళ్లు లెక్కపెట్టుకుని, "బుధవారం" అంది. ఇరవై నాలుగు గంటలు దాటింది కాబట్టి కూర తినొచ్చు, గిన్నె కూడా వాడుకోవచ్చు. గరిట మాత్రం ఒక రోజంతా పక్కన పెట్టి, తర్వాత సలసలా కాగే నీళ్లలో ముంచి తీయాలి.

అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. ఒక ప్రశ్న, దానికో జవాబు. మా అమ్మమ్మ దగ్గర ఇంత సులువుగా బయటపడేవాణ్ణి కాదు. అన్నం చేత్తో ఆవకాయ జాడీ ముట్టుకుంటే "అంటు కలిపేశావు!" అని వీధి చివరిదాకా వినపడేది. అన్నం గిన్నె ముట్టుకుని చెయ్యి కడుక్కోకుండా పెరుగు తోడేస్తే సాయంత్రం దాకా సుప్రభాతమే. యూదుల నియమం వేరు, మన అంటు వేరు, రెండూ ఒకటే అనను. కానీ వంటింట్లో ఏది దేన్ని తాకకూడదో పుట్టినప్పటి నుంచీ తెలిసిన చేతులు రెండుచోట్లా ఒకలాగే కదులుతాయి. ఇది పుస్తకాల్లో దొరికే మాట కాదు, నేను కళ్లారా చూసింది.

మాటల్లో మా గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఫోన్లో ఫొటోలు చూపిస్తే కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది.

ఈ వంటలోనే కూరగాయలకి అంత పనితనం ఎందుకొచ్చింది? నాకు అర్థమైంది చెప్తాను. 1555లో పోప్ నాలుగో పాల్ రోమ్ యూదుల్ని టైబర్ నది పక్కన గెట్టోలోకి, అంటే వాళ్లని విడిగా ఉంచే పేటలోకి, తోసి, రాత్రిళ్లు గేట్లు మూయించాడు. పోప్‌ల పాలన 1870లో పోయేదాకా అది పూర్తిగా వదల్లేదు. చేయనిచ్చిన వ్యాపారాలు పాత బట్టల్లాంటివి రెండు మూడు. చేతిలో డబ్బు లేదు, ఉన్నది నూనె, కూరలు, నైపుణ్యం. పైగా మాంసం మీద చీజ్ వేయకూడదు. చీజ్ వెనక దాక్కునే వీల్లేనప్పుడు కూరగాయే రుచి ఇచ్చి తీరాలి.

వంకాయ సంగతి వింటే మీకు ఇంకా కోపం వస్తుంది. 1891లో ఇటాలియన్ ఇళ్ల వంటల మీద పెద్ద పుస్తకం వేసిన పెల్లెగ్రీనో ఆర్తూజీ అందులో రాశాడు: నలభై ఏళ్ల కిందట ఫ్లోరెన్స్ బజారులో వంకాయ కనపడటమే అరుదు, యూదుల తిండి అని చులకనగా చూసేవాళ్లు అని. మంచి వస్తువుని కనిపెట్టే ముక్కు వాళ్లకి ఇతరులకంటే ఎక్కువ ఉందని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. గుత్తివంకాయ తిని పెరిగిన జాతిగా మనం ఏ పక్షమో వేరే చెప్పాలా?

ఆర్టిచోక్, అంటే రేకులు దగ్గరగా ముడుచుకున్న పెద్ద మొగ్గలా ఉండే కూరగాయ, దాని గురించి కూడా అడుగుతారని తెలుసు. పువ్వులా విచ్చుకునేలా రెండుసార్లు నూనెలో వేయించే కార్చోఫి అల్లా జుదియా ఈ వంటల్లో అన్నిటికంటే పేరున్నది. ఇక్కడ తాజా ఆర్టిచోక్ దొరకడం కష్టం, డబ్బాలో వచ్చేదానితో కుదరదు, వదిలేయండి. 2018లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల కార్యాలయం, రేకుల మధ్య పురుగులు ఉండొచ్చు, సరిగ్గా చూడటం కుదరదు, కాబట్టి అది కోషర్ కాదంది, అంటే యూదుల నియమాల ప్రకారం తినకూడదని. రోమ్ యూదులు భగ్గుమన్నారు. "మా అమ్మకి పురుగులు కనపడేవి కాదా?" అని సిన్యోరా నెలరోజులు అదే మాట. కాలీఫ్లవర్‌ని ఉప్పు, పసుపు వేసిన వేణ్ణీళ్లలో ముంచే మనకి ఆ కోపం బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఇటాలియన్ అని అమ్మేది చూస్తే కడుపు మండుతుంది. తెల్ల సాసు, సాగే చీజ్, పైన ఎండు ఆకుల పొడి. అడిగితే "అథెంటిక్ సార్" అంటారు. ఆ పొడి ప్యాకెట్టు మీద ఇటాలియన్ అని రాసి ఉంటుంది, సిన్యోరా వంటింట్లో నేనెప్పుడూ చూడలేదు.

ఇంట్లో కోన్చా చేసుకోవాలంటే: కిలో జుకినీ, అది లేకపోతే పొడుగు వంకాయలు. ఉప్పు చల్లి ఎండలో గుడ్డ మీద రెండు మూడు గంటలు. బాల్కనీ లేనివాళ్లు ఫ్యాన్ కింద పెట్టండి, టైమ్ ఎక్కువ పడుతుంది. వాళ్లు ఆలివ్ నూనెలో వేయిస్తారు, నేను వేరుశెనగ నూనెలో వేయిస్తాను, కొంప మునగలేదు. వెల్లుల్లి నాలుగైదు రెబ్బలు, గుప్పెడు పుదీనా, నాలుగు పెద్ద చెంచాల వెనిగర్. కిరాణా కొట్లో దొరికే సింథటిక్ వెనిగర్ అయితే సగం నీళ్లు కలపండి, లేకపోతే గొంతు పట్టేస్తుంది. యాపిల్‌ది నయం. చింతపండు వద్దు, అప్పుడది పులుసవుతుంది. ఇటాలియన్ వంటల్లో వేసే బేసిల్ ఆకు బదులు పెరట్లో తులసి వేయొచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. వద్దండీ బాబూ.

అమ్మకి మొదటిసారి పెట్టినప్పుడు ఒక ముక్క నోట్లో వేసుకుని కాసేపు ఏమీ అనలేదు. "ఇది వేపుడుకీ ఆవకాయకీ పుట్టిన పిల్లలా ఉందిరా" అని, పెరుగన్నంలో నంజుకుని గిన్నె ఖాళీ చేసింది. ఆ సంగతి సిన్యోరాకి ఫోన్లో చెప్పాను. సంతోషించింది. వెంటనే, "పెరుగు అన్నావు, అదే బల్ల మీద మాంసం లేదు కదా?" అంది.

అన్నట్టు, బీరకాయతో మాత్రం ప్రయత్నించకండి. నేను చేశాను. నూనెలో వేయగానే ముద్దయింది, చివరికి పచ్చడి చేసుకున్నాం.