ఆ ఫైలు మీది

‘డాక్టరుగారు నా ముఖం కూడా చూడరు, అంతా మావారితోనే మాట్లాడతారు. విజయవాడలో ఇంకో డాక్టరుకి చూపించుకోమంటారా?’ అని గుంటూరు నుంచి 46 ఏళ్ల తల్లి రాశారు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, ఇప్పుడు వారం వారం కీమో. రాత్రిళ్లు నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తోంది. ఇంట్లో ఎవరూ స్టేజి సంగతి ఎత్తలేదు. తోటికోడలు ఫోన్‌లో ‘మూడో స్టేజంట కదా అక్కా’ అంటే తెలిసింది.

అమ్మా, డాక్టర్ని మార్చే సంగతి పక్కన పెట్టండి. విజయవాడ వెళ్లినా ఆ గదిలో మాట్లాడేది మీవారే కదా! మీరు స్టూలు మీద కూర్చుంటారు, ‘ఎలా ఉంది?’ అనగానే వెనక నుంచి ఆయన ‘బాగానే తింటోందండీ’ అంటారు. మీ ఒంట్లో ఏముందో తోటికోడలికి తెలుసు, మీకు తెలియదు. చదువుతుంటే నాకు కడుపు మండింది.

ఆయన చెడ్డవారని అనను. మిర్చి యార్డులో పని మానుకుని ప్రతి కీమోకీ వస్తున్నారు. మీరు తట్టుకోలేరని ఆయన భయం. మంచంపట్టిన అత్తగారికి ఆరేళ్లు సేవ చేసిన మీరు, మీ జబ్బు సంగతి విని తట్టుకోలేరా? మూడో స్టేజికి కూడా నయం చేయాలనే వైద్యం చేస్తారమ్మా. అది తెలియకే మీరు రాత్రంతా కుమిలిపోతున్నారు.

వేళ్లు తిమ్మిరెక్కి జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నానని నాకు రాశారు. డాక్టరుకి చెప్పలేదు. కొన్ని కీమో మందులు నరాల్ని దెబ్బతీస్తాయి. ముందే తెలిస్తే డోసు తగ్గిస్తారు, లేదా కొన్నాళ్లు ఆపుతారు. ఆ హుక్కుల సంగతి మీవారికేం తెలుస్తుంది?

ఈ రాత్రి భోజనాలయ్యాక చెప్పండి: ‘ఏవండీ, ఈసారి నేను మాట్లాడతాను. మరిచిపోతే మీరు అందించండి.’ ఆయనకి కోపం రావచ్చు, కళ్లనీళ్లూ రావచ్చు. రానివ్వండి. పాల లెక్కల పుస్తకం చివర రాసుకోండి: ఇంకా ఎన్ని కీమోలు, తిమ్మిరి తగ్గుతుందా, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. నిద్ర, ఏడుపు కూడా డాక్టరుకే చెప్పండి. అర్ధరాత్రి మరీ బరువెక్కితే మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

బీరువాలో ఉన్న ఫైలు మీ సంచిలో పెట్టుకోండి. డాక్టరుగారు మళ్లీ మీవారి వైపే తిరిగితే ‘నాకు చెప్పండి సార్’ అనండి. అప్పటికీ చెప్పకపోతే, అప్పుడు రాయండి, విజయవాడ సంగతి చూద్దాం.