ఎరిక్స్‌గాతా దారిలో వెళ్తున్న అమ్మాయికి

అమ్మలూ,

సెలవుల్లో కారేసుకుని ఎరిక్స్‌గాతా దారంతా, అంటే ఒకప్పుడు కొత్తగా ఎన్నికైన స్వీడన్ రాజు సీమలన్నీ చుట్టొచ్చిన దారంతా, తిరుగుతానన్నావు. స్వీడన్‌లో ఉన్నన్నాళ్లలో నేను ఆ దారిలో రెండుసార్లు వెళ్లాను కాబట్టి చెప్తున్నాను.

ఉప్సలా దగ్గరి మోరా రాళ్లతోనే మొదలుపెట్టు. మధ్యయుగాల్లో రాజును ఎన్నుకున్నది అక్కడే. అసలు పెద్ద రాయి ఎప్పుడో మాయమైంది. 1770లో కట్టిన చిన్న ఇంట్లో కొన్ని రాళ్లూ ముక్కలూ మాత్రం దాచారు. ఇంతేనా అని వెంటనే తిరిగి రాకు, చుట్టూ ఉన్న పొలాల వైపు కాసేపు చూడు. అక్కడ ఎన్నికైనవాడు ఇంకా సీమసీమకీ వెళ్లి ఒప్పించుకోవాలి.

తర్వాత ఈ సీమల్లో ప్రదక్షిణంగానే వెళ్లు: సోడెర్మన్లాండ్, ఓస్తెర్యోత్లాండ్, యొన్‌షోపింగ్ పట్టణం మీదుగా వెస్తెర్యోత్లాండ్, నెర్కె, వెస్ట్‌మన్లాండ్, మళ్లీ ఉప్లాండ్. 1350 ప్రాంతంలో మాగ్నస్ ఎరిక్సన్ రాజు కాలంనాటి దేశచట్టంలో ఉన్న వరస ఇదే.

మొదటిసారి నేను చర్చిలూ కోటలూ చూస్తూ సరిహద్దులన్నీ దాటేసుకుంటూ పోయాను. అసలు విషయం ఆ సరిహద్దుల్లోనే ఉంది. రాజు అక్కడ ఆగాలి. ఆ సీమవాళ్లు ఎదురొచ్చి, అతని భద్రతకి హామీగా తమ మనుషుల్ని ఇచ్చి, వెంటబెట్టుకుని తీసుకెళ్లాలి. వాళ్ల సభలో 'మీ చట్టం కాపాడతాను' అని అతను ప్రమాణం చేస్తేనే వాళ్లూ విధేయతకి ప్రమాణం చేసేవారు. అందుకే కోల్మోర్డెన్ అడవిలో, టీవెదెన్ అడవిలో కారు ఆపి కాస్త నడువు.

రాగ్న్‌వాల్డ్ రాజు కథ తెలుసుకునే వెళ్లు. 12వ శతాబ్దం తొలి సగంలో అతను ఆ హామీ మనుషులు లేకుండానే వెస్తెర్యోత్లాండ్‌లో అడుగుపెట్టాడు. తమని అవమానించాడని అక్కడివాళ్లు చంపేశారు. వాళ్ల పాత చట్టంతో పాటు దొరికిన రాజుల జాబితాలో ఆ సంగతి రాసి ఉంది. రాజుని ఎంచుకునే హక్కూ, దించే హక్కూ స్వెయర్లదేనని, అంటే ఉప్సలా వైపు సీమల జనానిదేనని, ఆ చట్టమే చెప్తుంది. ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత నచ్చింది.

1544లో రాచరికం వారసత్వమయ్యాక ఈ యాత్రకి ఆ బలం పోయింది. పాత పద్ధతిలో చివరిగా తిరిగింది తొమ్మిదో కార్ల్ రాజు, 1609లో.

మ్యాప్‌లో పెద్ద ఊళ్ల కన్నా వాగులు ముందు గుర్తుపెట్టుకో. యొన్‌షోపింగ్‌లో యూనెబెక్ అనే చిన్న వాగు ఉంది. వెస్తెర్యోత్లాండ్ వాళ్లు రాజుకి ఎదురొచ్చింది అక్కడికే. ఒడ్డున నిలబడి నాకు ఫోన్ చెయ్యి, నీళ్ల చప్పుడు వినిపించు.

బాబాయ్